ఊపిరితిత్తుల ప్రత్యేక జన్యువులను గుర్తించడం, వాటికి జబ్బుతో ఉన్న లింకు చూడటం ఎలా? ఇంట్లో ల్యాప్‌టాప్ మీదే చేసుకునే పద్ధతి

జనవరి వచ్చిందంటే వైజాగ్‌లో బయోటెక్నాలజీ, హ్యూమన్ జెనెటిక్స్, జువాలజీ పీజీ పిల్లల నుంచి ఒకటే ప్రశ్న. "సార్, ఊపిరితిత్తుల మీద ప్రాజెక్టు ఇచ్చారు, ల్యాబ్‌లో శాంపిల్స్ లేవు, కంప్యూటర్ మీద ఏం చేయొచ్చు?" ఏయూ వాళ్లూ అడుగుతారు, రుషికొండ వైపు కాలేజీల వాళ్లూ అడుగుతారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక్కటి మనసులో పెట్టుకోండి. "ఈ జన్యువు ఊపిరితిత్తులకే ప్రత్యేకమా (అంటే అక్కడే ఎక్కువగా పనిచేస్తుందా)?" అన్నది ఒక ప్రశ్న, "ఈ జన్యువు ఊపిరితిత్తుల జబ్బులో పాత్ర పోషిస్తుందా?" అన్నది ఇంకో ప్రశ్న. నా దగ్గరకు వచ్చే రిపోర్టుల్లో ఎక్కువ శాతం ఈ రెండింటినీ కలిపేసినందుకే పాడవుతున్నాయి. రెండింటికీ విడివిడిగా జవాబు వెతికి, ఆ తర్వాతే పక్కపక్కన పెట్టాలి.

కావలసినవి

- మామూలు ల్యాప్‌టాప్. 8 జీబీ ర్యామ్ ఉంటే హాయి, 4 జీబీ ఉన్నా సింగిల్ సెల్ డేటా (ఒక్కో కణాన్నీ విడిగా కొలిచినది) జోలికి పోకుండా బండి నడుస్తుంది.
- ఆర్ గానీ పైథాన్ గానీ, రెండింట్లో ఏదో ఒకటి. టేబుల్ చదివి, వడకట్టి, వరుసలో పెట్టడం వస్తే చాలు.
- జీటెక్స్ పోర్టల్ (ఏ కణజాలంలో ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో కొలిచిన డేటాబేస్) నుంచి ఒక్క ఫైలు. "జీన్ మీడియన్ టీపీఎం" అని ఉంటుంది. టీపీఎం అంటే ఆ జన్యువు నుంచి ఎంత ఆర్‌ఎన్‌ఏ తయారవుతోందో చెప్పే కొలత.
- హ్యూమన్ ప్రోటీన్ అట్లాస్ (ఏ కణజాలంలో ఏ ప్రోటీన్ ఉందో), క్లిన్‌వార్, ఒమిమ్, జీవాస్ కేటలాగ్ (ఈ మూడూ జబ్బులతో లింకున్న జన్యు మార్పులకు), జియో (పరిశోధకులు దాచిన ఆర్‌ఎన్‌ఏ డేటాకు). అన్నీ ఉచితమే, ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు.
- ఒక నోట్‌బుక్. ఏ వెర్షన్ డేటా, ఏ తేదీన దించారు, ఎక్కడ కోత (కటాఫ్) పెట్టారు, అన్నీ అందులో రాయాలి. వైవాలో మొదట అడిగేవి ఇవే.

కోడింగ్ అస్సలు రాదంటే ప్రోటీన్ అట్లాస్ సైటులోనే "లంగ్" ఎంచుకుని, అక్కడ మిగతా అన్ని కణజాలాల కంటే కనీసం 4 రెట్లు ఎక్కువ ఉన్నవాటికి ఇచ్చే "టిష్యూ ఎన్‌రిచ్డ్" జాబితా దించుకోండి. నేరుగా 5వ మెట్టుకు వెళ్లిపోవచ్చు. అయితే ఆ జాబితా ఎలా వచ్చిందో చెప్పగలగాలి కాబట్టి మధ్యలోవి కనీసం ఒకసారి చదవండి.

1. ఫైలు తెరవడం

జీటెక్స్ వెర్షన్ 8లో 54 రకాల కణజాలాలు, 948 మంది దాతలు, 17,382 శాంపిల్స్ ఉన్నాయి. దాదాపు అన్నీ చనిపోయినవాళ్ల నుంచి తీసుకున్నవి. ఇందులో ఊపిరితిత్తుల శాంపిల్స్ 578. మనకు శాంపిల్ వారీ ఫైలు అక్కర్లేదు. ఒక్కో కణజాలానికి ఒక్కో జన్యువు మధ్యస్థ విలువ ఉన్న చిన్న ఫైలు సరిపోతుంది. పెద్ద ఫైలు దించబోయి హాస్టల్ వైఫై మీద రాత్రంతా కూర్చున్నవాళ్లు ఉన్నారు, ఆ కష్టం పడకండి.

ఫైలు తెరవగానే చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మొదటి వరుసలో ఫార్మాట్ వెర్షన్ ఉంటుంది, రెండో వరుసలో వరుసలు ఎన్ని, నిలువు గళ్లు ఎన్ని అనే రెండు సంఖ్యలు ఉంటాయి, అసలు శీర్షికలు మూడో వరుసలో ఉంటాయి. కాబట్టి మొదటి రెండు వరుసలు వదిలేసి చదవమని ప్రోగ్రామ్‌కు చెప్పాలి. చెప్పకపోతే అంతా ఒకే గడిలో ముద్దగా వస్తుంది, లేదా ఎర్రర్ కొడుతుంది.

మొదటి గడిలో ఎన్‌సెంబుల్ నంబరు (జన్యువు గుర్తింపు సంఖ్య) ఉంటుంది. దాని చివర చుక్క, ఆ తర్వాత ఇంకో అంకె ఉంటాయి. ఆ చుక్క నుంచి తర్వాతది తీసేయండి. అది వెర్షన్ అంకె, దాన్ని ఉంచితే మిగతా డేటాబేసుల్లో అదే జన్యువు ఉన్నా మ్యాచ్ కాదు.

హెచ్చరిక: ఈ ఫైలును ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయకండి. మార్చ్1, సెప్ట్2 లాంటి పాత జన్యు పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంది. ఈ బాధ పడలేకే 2020లో పేర్ల కమిటీ ఆ జన్యువుల పేర్లే మార్చింది. పాత ఫైళ్లలో మాత్రం పాత పేర్లే ఉన్నాయి.

2. శుభ్రం చేయడం

ఇది బోరు కొట్టే పనే, కానీ ఫలితం మొత్తం దీని మీదే నిలబడుతుంది.

మొదట రెండు సెల్ లైన్ల గళ్లు తీసేయండి, అవి ల్యాబ్‌లో పెంచిన కణాలు, అవయవాలు కావు. తర్వాత మెదడు. మెదడుకు ఒక్కదానికే 13 గళ్లు ఉంటాయి. వాటిని ఒకే గడిగా కలపండి, పదమూడింట్లో అత్యధిక విలువ తీసుకుంటే చాలు. గుండె, చర్మం, ధమనులు, అన్నవాహిక, పెద్దపేగు, కిడ్నీ కూడా ముక్కలుగా ఉంటాయి, వాటినీ అలాగే కలపండి. ఎందుకింత పట్టుబడుతున్నానో తర్వాతి మెట్టులో లెక్కతో చూపిస్తాను.

ఆ తర్వాత ఊపిరితిత్తుల్లో టీపీఎం 1 కంటే తక్కువ ఉన్న జన్యువులన్నీ తీసేయండి. కాస్త గట్టి జాబితా కావాలంటే 5 పెట్టుకోండి. ఈ కోత పెట్టకపోతే ఊపిరితిత్తుల్లో 0.3, మిగతాచోట్ల సున్నా ఉన్న జన్యువు కూడా "మహా ప్రత్యేకం" అని పైకి వచ్చి కూర్చుంటుంది. అది చాలావరకు నాయిసే.

చివరగా ప్రతి విలువకూ 1 కలిపి లాగ్ 2 తీయండి. ఇది మరచిపోతే తర్వాత వచ్చే స్కోర్లన్నీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తాయి.

3. టౌ స్కోరు వేయడం

ప్రత్యేకతను కొలవడానికి చాలా పద్ధతులున్నాయి, మొదటిసారి చేసేవాళ్లకు నేను టౌనే చెప్తాను. 2005 నుంచి వాడుకలో ఉంది, చేత్తో కూడా లెక్క వేసుకోవచ్చు. ప్రతి కణజాలంలోని విలువను ఆ జన్యువు గరిష్ఠ విలువతో భాగించండి, ఆ వచ్చినదాన్ని 1 నుంచి తీసేయండి, అన్నీ కూడండి, మొత్తాన్ని కణజాలాల సంఖ్యలో ఒకటి తగ్గించి భాగించండి. 0 వస్తే అన్నిచోట్లా సమానంగా ఉందని, 1 వస్తే ఒక్కచోటే ఉందని.

ఒక ఉదాహరణ చేసి చూడండి. లాగ్ తీసిన తర్వాత ఊపిరితిత్తులు 10, జీర్ణాశయం 4, కిడ్నీ 1, మెదడు 0, కాలేయం 0 అనుకుందాం. ఊపిరితిత్తుల వాటా సున్నా. మిగతావి 0.6, 0.9, 1, 1. మొత్తం 3.5. కణజాలాలు 5 కాబట్టి 4తో భాగిస్తే 0.875.

ఇప్పుడు మెదడును కలపకుండా 13 గళ్లూ అలాగే ఉంచేశారనుకోండి. ఇంకో 12 సున్నాలు వచ్చి చేరతాయి, మొత్తం 15.5 అవుతుంది, 16తో భాగిస్తే దాదాపు 0.97. జన్యువు అదే, శరీరం అదే, స్కోరు మాత్రం అమాంతం పెరిగింది. అందుకే కలపమన్నాను.

కోత ఎక్కడ పెట్టాలి? 0.8 లేదా 0.85 చాలామంది వాడతారు. ఏదైనా ఒకటి ముందే అనుకుని రాసిపెట్టుకోండి. జాబితా చూశాక మీకు నచ్చిన జన్యువు లోపలికి రావడం కోసం కోత జరపడం మాత్రం చేయొద్దు, అది తప్పుడు పని.

4. ఊపిరితిత్తులవే అని తేల్చుకోవడం

అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు ఇదే. టౌ "ఎక్కడో ఒకచోట ప్రత్యేకం" అని మాత్రమే చెప్తుంది, ఎక్కడో చెప్పదు. కోత పెట్టగానే వచ్చే జాబితాలో సింహభాగం వృషణాలదే ఉంటుంది, ఎందుకంటే ప్రత్యేక జన్యువులు ఎక్కువగా ఉండే అవయవం అదే. కాబట్టి రెండో షరతు పెట్టండి: గరిష్ఠ విలువ ఊపిరితిత్తుల్లోనే ఉండాలి. మూడోది నా సలహా: రెండో స్థానంలో ఉన్న కణజాలం పేరు, దాని విలువ కూడా పక్కన ఇంకో గడిలో రాసుకోండి. రేపు గైడ్ అడిగితే వెంటనే చెప్పొచ్చు.

మీ పద్ధతి సరిగ్గా పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి జవాబు ముందే తెలిసిన జన్యువులతో పరీక్ష పెట్టండి:

- ఎస్‌ఎఫ్‌టీపీసీ జాబితా పైభాగంలోనే ఉండాలి. ఊపిరితిత్తుల్లో దీని టీపీఎం వేలల్లో ఉంటుంది. ఇది కనిపించలేదంటే మీ కోడ్‌లోనే ఏదో తేడా ఉంది.
- ఏజీఈఆర్ కూడా రావాలి.
- జీఏపీడీహెచ్, బీటా యాక్టిన్ రాకూడదు, అవి ప్రతి కణంలోనూ ఉంటాయి.
- అల్బుమిన్ టౌ ఎక్కువ రావాలి, కానీ గరిష్ఠ స్థానం కాలేయం కావాలి.
- ఎన్‌కేఎక్స్2-1 పెట్టి చూడండి. ఊపిరితిత్తులతో పాటు థైరాయిడ్‌లో బాగా ఉంటుంది. సీఎల్‌డీఎన్18 అయితే జీర్ణాశయంలో. ఇవి జాబితాలోకి రాకపోయినా గాబరా పడొద్దు, "రెండు మూడు అవయవాల్లో ఉన్నవి" అని వేరే జాబితా పెట్టి అందులో వేయండి.

సీఎల్‌డీఎన్18 దగ్గర ఒక్క మాట. ఒకే జన్యువు, ఊపిరితిత్తుల్లో ఒక రూపం, జీర్ణాశయంలో ఇంకో రూపం తయారవుతాయి. జన్యువు స్థాయిలో చూస్తే రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. ఆసక్తి ఉంటే ట్రాన్స్‌క్రిప్ట్ (ఒక్కో రూపం) స్థాయి ఫైలు తీసి చూడండి, మంచి ప్రాజెక్టు అవుతుంది.

5. ఇంకోచోట సరిచూసుకోవడం

ప్రోటీన్ అట్లాస్‌కు వెళ్లి మీ జాబితాలో పై 30 జన్యువులు ఒక్కొక్కటీ చూడండి. అయితే జాగ్రత్త. అక్కడ మొదట కనిపించే "కన్సెన్సస్" లెక్కలో జీటెక్స్ డేటా కూడా కలిసే ఉంటుంది. అది చూసి "రెండు వేర్వేరు డేటాబేసుల్లో ఒకే ఫలితం వచ్చింది" అని రాస్తే తప్పు. కింద వాళ్లు సొంతంగా చేసిన ఆర్‌ఎన్‌ఏ డేటా విడిగా ఉంటుంది, యాంటీబాడీతో రంగు వేసిన కణజాలం ఫొటోలు ఉంటాయి. వాటిని చూడండి. ఎన్‌ఏపీఎస్‌ఏ ఫొటో తెరిస్తే వాయుకోశాల గోడల వెంట గోధుమరంగు చుక్కలు విడివిడిగా కనిపిస్తాయి, కిడ్నీ ఫొటోలో కూడా నాళికల్లో అదే రంగు కనిపిస్తుంది. ఊపిరితిత్తుల అడినోకార్సినోమాను (ఒక రకం క్యాన్సర్) గుర్తించడానికి పాథాలజీ వాళ్లు వాడే మార్కర్ ఇది. మరి కిడ్నీలో కూడా ఉంది కదా, అందుకే వాళ్లు దీన్ని ఒక్కదాన్నే నమ్మరు.

ఇంకో సంగతి. జీటెక్స్ ఊపిరితిత్తుల ముక్కలు ఎడమ పై భాగం నుంచి, పెద్ద గాలిగొట్టాలు తగలకుండా తీసినవి. అందువల్ల శ్వాసనాళాల్లో మాత్రమే ఉండే జన్యువులు మీ జాబితాలో తక్కువగా పడతాయి. ఆస్తమా మీద ప్రాజెక్టు అయితే ఇది పెద్ద లోటే, రిపోర్టులో తప్పకుండా చెప్పండి.

6. ఏ కణంలో ఉందో చూడటం

ఊపిరితిత్తి అంటే ఒకే రకం కణం కాదు. మీ జాబితాలోని జన్యువు వాయుకోశాల టైప్ 2 కణాలదా (ఎస్‌ఎఫ్‌టీపీసీ, ఎస్‌ఎఫ్‌టీపీబీ, ఏబీసీఏ3), టైప్ 1 కణాలదా (ఏజీఈఆర్), శ్వాసనాళాల క్లబ్ కణాలదా (ఎస్‌సీజీబీ1ఏ1), లేక అక్కడ కాపలా కాసే మాక్రోఫేజ్‌లదా (మార్కో) అన్నది తేల్చాలి. 2023లో వచ్చిన హ్యూమన్ లంగ్ సెల్ అట్లాస్‌లో 24 లక్షల కణాలు ఉన్నాయి. దాన్ని దించుకోవద్దు, సెల్‌బైజీన్ సైటులో బ్రౌజర్‌లోనే జన్యువు పేరు కొట్టి చూడొచ్చు.

ఇక్కడో ఉచ్చు ఉంది. ఎస్‌ఎఫ్‌టీపీసీ కొడితే టీ కణాల్లో, రక్తనాళాల కణాల్లో కూడా కొద్దికొద్దిగా కనిపిస్తుంది. అది నిజం కాదు. శాంపిల్ తయారుచేసేటప్పుడు టైప్ 2 కణాలు పగిలి, వాటి ఆర్‌ఎన్‌ఏ ద్రవంలో కలిసి, పక్క కణాల లెక్కలోకి చేరిపోతుంది. కాబట్టి "ఉందా, లేదా" అని కాకుండా ఎంత శాతం కణాల్లో, ఎంత మోతాదులో ఉందో పోల్చి చూడండి.

7. జబ్బు వైపు నుంచి రావడం

ఇప్పుడు మీ జాబితా పక్కన పెట్టేయండి. రెండో ప్రశ్నను మొదటి నుంచి మొదలుపెట్టాలి.

*జన్యు మార్పుల దారి.* ఒమిమ్, క్లిన్‌వార్‌లలో ఊపిరితిత్తుల జబ్బుల పేర్లతో వెతికి, రోగకారకం అని నిర్ధారణ అయిన మార్పులు ఉన్న జన్యువులు రాసుకోండి. మామూలు జనంలో తరచుగా కనిపించే మార్పులకు జీవాస్ కేటలాగ్ చూడండి.

*మోతాదు తేడాల దారి.* జియోలో రోగుల ఊపిరితిత్తులను, మామూలువాళ్ల ఊపిరితిత్తులను పోల్చిన డేటా తీసుకోండి. ఐపీఎఫ్ (కారణం తెలియకుండా ఊపిరితిత్తులు మచ్చకట్టే జబ్బు), సీఓపీడీ (గాలిదారులు ఇరుకయ్యే దీర్ఘకాల జబ్బు) రెండూ ఉన్న సింగిల్ సెల్ డేటా కావాలంటే జీఎస్‌ఈ 136831 ఉంది, ల్యాప్‌టాప్‌కు బరువే. మొదటిసారి అయితే జీఎస్‌ఈ 47460 లాంటి మైక్రోఅరే (చిప్ మీద కొలిచిన) డేటా తీసుకుని, జియో సైటులోనే ఉండే జియో2ఆర్‌తో చేయండి, కోడ్ అక్కర్లేదు. ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ డేటా అయితే డీసెక్2 అనే ఆర్ ప్యాకేజీ వాడొచ్చు, దానికి ముడి లెక్కలే ఇవ్వాలి. టీపీఎం ఇవ్వకూడదు. ఇచ్చినా కొన్నిసార్లు ఏదో ఒక జవాబు వస్తుంది, అదే ప్రమాదం. మామూలు పీ విలువ కాకుండా, వేల జన్యువులను ఒకేసారి పరీక్షించినందుకు సరిచేసిన (అడ్జస్టెడ్) పీ విలువే చూడండి.

ఇక రెండు జాబితాలనూ పక్కపక్కన పెట్టండి. అసలు విషయం ఇక్కడే బయటపడుతుంది.

రెండింట్లోనూ ఉన్నవి కొన్ని. ఎస్‌ఎఫ్‌టీపీబీ రెండు కాపీలూ పాడైతే పుట్టిన బిడ్డకు ఊపిరి అందదు. ఎస్‌ఎఫ్‌టీపీసీలో మార్పు కుటుంబాల్లో వచ్చే ఇంటర్‌స్టిషియల్ (వాయుకోశాల గోడలను దెబ్బతీసే) జబ్బుకు కారణమవుతుందని 2001లో తేలింది. ఎస్‌ఎల్‌సీ34ఏ2 పాడైతే వాయుకోశాల్లో కాల్షియం ఫాస్ఫేట్ రాళ్లు పేరుకుంటాయి.

జబ్బు జాబితాలో ఉండి, ప్రత్యేక జాబితాలో లేనివి ఇంకొన్ని. ఇవే పిల్లలను తికమక పెడతాయి. సీఎఫ్‌టీఆర్ సిస్టిక్ ఫైబ్రోసిస్ జన్యువు, 1989లో దొరికింది, కానీ మోతాదు చూస్తే క్లోమంలో, పెద్దపేగులో ఎక్కువ. ఊపిరితిత్తుల దారిలో అది ఐయోనోసైట్లు అనే చాలా అరుదైన కణాల్లో దండిగా ఉంటుందని 2018లో గానీ తెలియలేదు. సెర్పినా1 ఇంకా విచిత్రం: ప్రధానంగా కాలేయంలో తయారవుతుంది, అది లోపిస్తే ఊపిరితిత్తులు దెబ్బతిని ఎంఫిసీమా (వాయుకోశాల గోడలు చితికిపోయే జబ్బు) వస్తుంది. ఎంయూసీ5బీ పక్కనున్న ఒక మార్పు (ఆర్‌ఎస్ 35705950) ఐపీఎఫ్ ముప్పును బాగా పెంచుతుంది, ఆ జన్యువేమో లాలాజల గ్రంథుల్లో కూడా ఉంటుంది. కొవిడ్ వైరస్‌కు తలుపు తీసే ఏసీఈ2 ఊపిరితిత్తుల్లో కంటే చిన్నపేగులో ఎక్కువ.

ప్రత్యేక జాబితాలో ఉండి, జబ్బు జాబితాలో ఎక్కడా లేనివి కూడా బోలెడు వస్తాయి. అవి పనికిరానివని కాదు, ఇంకా ఎవరూ తేల్చలేదని మాత్రమే.

రెండు జాబితాల కలయిక కాకతాళీయమా కాదా అని ఫిషర్ పరీక్షతో చూడొచ్చు. అందులో మొత్తం సంఖ్యగా మీరు రెండు చోట్లా పరీక్షించిన జన్యువుల సంఖ్యే వేయాలి. అంటే 2వ మెట్టులో టీపీఎం కోత దాటి, జబ్బు వైపు డేటాలో కూడా ఉన్నవి ఎన్నో అన్నే. ఫైలులో ఉన్న 56,200 వేస్తే దాదాపు ఏ జాబితా ఇచ్చినా అద్భుతమైన పీ విలువ వస్తుంది.

8. తగ్గింది అంటే దేని వల్ల తగ్గింది?

ఐపీఎఫ్ డేటాలో ఏజీఈఆర్ బాగా తగ్గి కనిపిస్తుంది. వెంటనే "ఏజీఈఆర్ తగ్గడం వల్ల ఐపీఎఫ్ వస్తుంది" అని రాసేస్తారు. ఆగండి. ఐపీఎఫ్‌లో వాయుకోశాలు మచ్చకట్టిపోయి టైప్ 1 కణాలే తగ్గిపోతాయి. కణాలే లేనప్పుడు వాటి జన్యువు మోతాదు ఎక్కడ ఉంటుంది? ఒకటే పరీక్ష చేయండి: అదే కణాలకు చెందిన మిగతా జన్యువులు కూడా అంతే మేరకు తగ్గాయా చూడండి. అన్నీ కలిసి తగ్గితే అది చాలావరకు కణాల సంఖ్య తగ్గిన సూచన. ఒక్కటే తగ్గితే అప్పుడు ఆ జన్యువు గురించి మాట్లాడొచ్చు. వీలైతే సింగిల్ సెల్ డేటాలో, మిగిలి ఉన్న టైప్ 1 కణాల్లో అది ఎలా ఉందో చూడండి.

ల్యాబ్‌లో సరిచూడాలనుకుంటే

చాలామంది పుణె ఎన్‌సీసీఎస్ (సెల్ లైన్లు భద్రపరిచి ఇచ్చే సంస్థ) నుంచి ఏ549 కణాలు తెప్పించుకుని ఎస్‌ఎఫ్‌టీపీసీకి క్యూపీసీఆర్ (ఆర్‌ఎన్‌ఏ ఎంతుందో కొలిచే పరీక్ష) పెడతారు, ఏమీ రాక టెన్షన్ పడతారు. ఏ549 ఊపిరితిత్తుల క్యాన్సర్ నుంచి వచ్చినదే అయినా మామూలుగా పెంచితే అందులో ఎస్‌ఎఫ్‌టీపీసీ దాదాపు ఉండదు. మీ ప్రైమర్ తప్పు కాదు. సర్ఫాక్టెంట్ (వాయుకోశాలు అతుక్కుపోకుండా కాపాడే పూత) జన్యువులు చూడాలంటే హెచ్441 కొంత నయం, అందులో ఎస్‌ఎఫ్‌టీపీబీ ఉంటుంది. కేజీహెచ్‌లోనో ఛాతీ ఆసుపత్రిలోనో రోగుల నమూనాలు అడగాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతి ముందు రావాలి. దానికి నెలలు పట్టొచ్చు, ఒక్క సెమిస్టర్ ప్రాజెక్టుకు పెట్టుకోవద్దు.

మన ఊరి సంగతి

గాజువాక, మల్కాపురం, పోర్టు వైపు నుంచి వచ్చే పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది: "మా వీధిలో ఇంటింటికీ దగ్గు, మూత తీసి చూస్తే నీళ్ల ట్యాంకులో కూడా బొగ్గు ధూళి ఉంటుంది, దానికి జన్యువులు కారణమా అని ఇందులో తెలుస్తుందా?" తెలియదు. ఆ ప్రశ్న అడగాల్సిందే, దానికి జవాబు కూడా రావాల్సిందే, కానీ ఈ డేటాతో కాదు. జీటెక్స్ దాతల్లో దాదాపు 85 శాతం యూరోపియన్ మూలాలున్న అమెరికన్లు. ధూళికి ఎంత గురయ్యారన్న వివరం అందులో లేదు. మీరు చేయగలిగింది ఒకటుంది. జబ్బు జాబితాలోని మార్పులు మనవాళ్లలో ఎంత తరచుగా కనిపిస్తాయో నోమాడ్ (జన్యు మార్పుల తరచుదనం చూపే డేటాబేస్)లో దక్షిణాసియా గడిలోనూ, 1,029 మంది భారతీయుల జన్యుక్రమాలున్న ఇండిజెన్‌లోనూ చూసి పక్కన రాయండి. ఇది చేసిన రిపోర్టులు నాకు చాలా తక్కువ కనిపించాయి, చేస్తే మీ పనికి బరువు వస్తుంది.

చివరి టేబుల్‌లో ప్రతి జన్యువుకూ ఈ గళ్లు పెట్టండి: ఊపిరితిత్తుల టీపీఎం, టౌ, రెండో స్థానంలో ఉన్న అవయవం, ఏ కణం, జన్యు మార్పు ఆధారం ఉందా, మోతాదు తేడా ఉందా, ఆ తేడా కణాల సంఖ్య వల్లా కాదా, దక్షిణాసియా వాళ్లలో ఆ మార్పు తరచుదనం. ఆధారం లేని గడిని ఖాళీగానే వదలండి. రోగకారకం అని నిర్ధారణ అయిన జన్యు మార్పు ఉన్నచోటే "కారణం" అని రాయండి, జీవాస్ కేటలాగ్ ఆధారం గానీ మోతాదు తేడా గానీ మాత్రమే ఉన్నచోట "సంబంధం కనిపించింది" అని రాయండి.